కుక్క చావు – మనిషి ధర్మం

మన కళాశాల ప్రాంగణంలో రెండు భాషలు పక్కపక్కనే వినిపిస్తుంటాయి. ఆ రెండు భాషలలోనూ ఒకే తిట్టు ఉన్నది. తెలుగులో "కుక్క చావు" అంటారు. ఉర్దూలో "కుత్తే కీ మౌత్" అంటారు. రెండింటి భావమూ ఒక్కటే. దిక్కులేని చావు, దారి పక్కన చావు, నోట్లో నీటి చుక్క పోసేవారు లేని చావు అని దాని అర్థం. పది పన్నెండేళ్ళు మన గడపను కనిపెట్టుకొని పడుకొన్న జీవికి అటువంటి చావు ప్రాప్తించినట్లయితే, ఆ మాట దానికి వర్తిస్తుందా, మనకు వర్తిస్తుందా అని ఎవరికి వారు ప్రశ్నించుకోవలసి ఉన్నది.

ఈ ప్రశ్న ఊహాజనితమైనది కాదు. ఇంటి కాపలాకో, తోట కాపలాకో, పిల్లల ముచ్చట కోసమో కుక్కను పెంచే కుటుంబాలు మన పట్టణాలలోనూ పల్లెలలోనూ ఎన్నో ఉన్నాయి. అది ఆరోగ్యంగా ఉన్నంతకాలం చిక్కు లేదు. వార్ధక్యం వచ్చి, తీవ్రమైన వ్యాధి సోకినప్పుడే అసలు పరీక్ష ఎదురవుతుంది. వైద్యం ఎంతవరకు చేయించాలి? ఎప్పుడు చాలించాలి? సూదిమందుతో ప్రాణం తీయించడం దయ అవుతుందా, పాపమవుతుందా? అంతా దైవానికి వదలి ఊరకుండవచ్చునా? ఈ ప్రశ్నలకు వైద్యశాస్త్రం, ధర్మం, చట్టం ఏమి చెబుతున్నవో విద్యార్థి మిత్రులకు వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ప్రాచీనమైన బంధం

మానవుడు మచ్చిక చేసుకొన్న మొట్టమొదటి జంతువు కుక్క. పశువుల మంద కంటే, పైరు కంటే ముందే కుక్క మనిషి వెంట నడిచింది. జర్మనీ దేశంలో బాన్ నగర సమీపాన ఓబర్‌కాసెల్ అనే చోట 1914లో ఒక పురాతన సమాధి బయటపడినది. అది సుమారు 14 వేల సంవత్సరాల నాటిది. అందులో ఒక పురుషుని, ఒక స్త్రీ అస్థికలతోపాటు ఒక కుక్కపిల్ల ఎముకలు కూడా ఉన్నాయి. శాస్త్రజ్ఞులు ఆ ఎముకలను, దంతాలను మళ్ళీ పరిశీలించి 2018లో ఒక విశేషాన్ని ప్రకటించారు. చనిపోయేనాటికి ఏడు నెలల వయస్సు గల ఆ పిల్ల, అంతకు పూర్వమే డిస్టెంపర్ అనే ప్రాణాంతక వ్యాధికి గురైనదట. మనుషుల శుశ్రూష లేకుండా అది అన్ని వారాలు జీవించి ఉండజాలదట. జబ్బుపడిన కుక్క వల్ల వేటకు గాని, కాపలాకు గాని ఉపయోగం లేదు. అయినా గుహలలో తిరిగే కాలపు మనిషి దానికి నీరు పట్టి, వెచ్చగా ఉంచి, చివరకు తనవారి సరసన పూడ్చిపెట్టినాడు.

ధర్మగ్రంథాలను చూచినా ఇదే కనిపిస్తుంది. మహాభారతంలోని మహాప్రస్థానిక పర్వంలో, తన్ను నమ్మి వెంటవచ్చిన కుక్కను విడిచిపెట్టి స్వర్గంలో ప్రవేశించడానికి ధర్మరాజు అంగీకరించడు. దివ్య ఖురాన్‌లోని కహఫ్ సూరాలో, గుహలో నిద్రించిన విశ్వాసులతోపాటు గుమ్మం వద్ద ముంగాళ్ళు చాపి పడుకొన్న వారి కుక్క ప్రస్తావన కూడా ఉన్నది. వారి సంఖ్యను గురించిన మాటలలో ఆ కుక్కను సైతం కలిపి లెక్కించడం గమనింపదగిన విషయం. దాహంతో తడి మట్టిని నాకుతున్న కుక్కను చూచి, బావిలోకి దిగి, తన తోలు జోడులో నీరు నింపి, నోట కరచుకొని పైకి తెచ్చి తాగించిన బాటసారిని అల్లాహ్ క్షమించినట్లు ప్రవక్త ముహమ్మద్ (స) తెలిపిన వృత్తాంతం బుఖారీ, ముస్లిం హదీసు సంకలనాలు రెండింటిలోనూ ఉన్నది. పిల్లిని బంధించి, తిండి పెట్టక, తానై తిననీయక చంపిన స్త్రీ శిక్షకు పాత్రురాలైన సంగతి కూడా ఆ సంకలనాలలోనే కనిపిస్తుంది.

మన ముస్లిం కుటుంబాలలో కొందరికి కుక్కను తాకవచ్చునా అన్న సంకోచం ఉంటుంది. హనఫీ సంప్రదాయం ప్రకారం కుక్క లాలాజలం అపవిత్రం. అది సోకిన చేతిని, బట్టను కడుక్కొంటే సరిపోతుంది. కడుక్కొంటే పోయే మరకకు జంకి, కడుక్కొన్నా పోని పాపాన్ని మూటకట్టుకోవడం వివేకం కాదు.

ముందుగా వ్యాధికి పేరు తెలియాలి

కుక్కకు వయస్సు మీరినదంటే దాని జాతిని బట్టి లెక్కించాలి. పెద్ద శరీరం గల జాతులకు ఏడెనిమిదేళ్ళకే వార్ధక్యం వస్తుంది. చిన్న జాతులు, మన నాటు కుక్కలు పన్నెండు, పదిహేనేళ్ళు కూడా బ్రతుకుతాయి. కాని వార్ధక్యం వ్యాధి కాదు. "ముసలిదైపోయింది, ఇక ఇంతే" అనే మాట వల్ల బ్రతకవలసిన కుక్కలు ఎన్నో చనిపోతున్నాయి. చూడటానికి మరణావస్థవలె కనిపించినా నయమయ్యే వ్యాధులు కొన్ని ఉన్నాయి.

ఒక ఉదాహరణ చూడండి. ముసలి కుక్క ఉన్నట్టుండి ఒక పక్కకు పడిపోతుంది, తల వాలుతుంది, కనుగుడ్లు అటూ ఇటూ వేగంగా కదులుతాయి, వాంతి చేసుకొంటుంది. ఇంటివారు పక్షవాతమని నిర్ణయించుకొని ఆశ వదులుకొంటారు. కాని చాలా సందర్భాలలో ఇది చెవి లోపలి భాగంలో శరీర సమతౌల్యాన్ని కాపాడే అవయవానికి కలిగిన వికారం. అటువంటప్పుడు కొద్ది రోజులలో మార్పు కనిపించి, రెండు మూడు వారాలలో కుక్క లేచి తిరుగుతుంది. రెండవ ఉదాహరణ గర్భసంచిలో చీము చేరడం. సంతాన నిరోధక శస్త్రచికిత్స జరగని ఆడకుక్కలలో, ఎదకు వచ్చిన కొన్ని వారాలకు ఇది కనిపిస్తుంది. కుక్క అతిగా నీరు తాగుతుంది, తిండి మానుతుంది, నీరసించి మూలకు చేరుతుంది. ఉపేక్షిస్తే ప్రాణం పోతుంది. సకాలంలో గర్భసంచిని తొలగిస్తే చాలా కుక్కలు కోలుకొంటాయి. పిడుదుల ద్వారా సోకే జ్వరాలు కూడా ఇటువంటివే. రక్తపరీక్షలో బయటపడితే మందులకు లొంగుతాయి.

ఇక నయం కాకపోయినా నెమ్మదింపజేయగల వ్యాధులు కొన్ని. దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి వీటిలో ముఖ్యమైనది. మూత్రపిండాల శక్తిలో సుమారు నాలుగింట మూడు వంతులు క్షీణించిన పిదప గాని రక్తంలో యూరియా, క్రియాటినిన్ స్పష్టంగా పెరగవు. అందుచేత వ్యాధి బయటపడేసరికే ఆలస్యమై ఉంటుంది. పోయిన శక్తి తిరిగి రాదు. అయినా తగిన ఆహారం, సమృద్ధిగా నీరు, వాంతులు అణచే మందులతో కొన్ని నెలలు, ఒక్కొక్కప్పుడు అంతకంటే ఎక్కువ కాలం సుఖంగా గడపవచ్చు. గుండె కవాటాల వ్యాధి కూడా ఇటువంటిదే. గాఢనిద్రలో ఉన్న కుక్క శ్వాసలను గడియారం పెట్టి లెక్కించడం ఇంటివారు చేయగల సులభమైన పరీక్ష. అవి నిమిషానికి 30 దాటుతూ ఉంటే వెంటనే వైద్యునికి తెలపాలి.

మూడవ తరగతి వ్యాధులు నయమూ కావు, నెమ్మదించవు. శరీరమంతా వ్యాపించిన పుట్టకురుపు, పూర్తిగా చెడిపోయిన మూత్రపిండాలు ఇందులోనికి వస్తాయి. మూత్రపిండాలు చివరి దశకు చేరినప్పుడు రక్తంలో విషపదార్థాలు పేరుకొని నోటిలో పుండ్లు, ఆగని వికారం, చివరకు ఫిట్లు కలుగుతాయి. సహజ మరణమంటే ఎల్లప్పుడూ నిద్రలో జరిగే ప్రశాంత మరణమని భావించరాదు.

తన కుక్క ఈ మూడింటిలో ఏ తరగతికి చెందినదో తెలియకుండా యజమాని ఏ నిర్ణయమూ తీసుకోరాదు. రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరంలలోని పశువైద్య కళాశాలల ఆసుపత్రులలో నిపుణులైన అధ్యాపకులు ఉన్నారు. దూరప్రాంతాల వారు ముందుగా దగ్గరి ప్రభుత్వ పశువైద్యశాలకు వెళ్ళవచ్చు. వైద్యుని మూడు ప్రశ్నలు సూటిగా అడగాలి. వ్యాధి ఏది? చికిత్స చేస్తే దీనికి లభించేది సుఖమైన కాలమా, కేవలం కాలమా? చికిత్స చేయకపోతే ఏ విధంగా చనిపోతుంది? ఖర్చు సంగతి కూడా సిగ్గుపడకుండా చెప్పాలి. ఇంట్లో పిల్లల చదువుకు దాచిన డబ్బంతా తీరని రోగానికి ధారపోయమని ఏ ధర్మమూ శాసించలేదు. అయితే ఖర్చు భరించలేకపోవడం వేరు, ఖర్చు ఇష్టం లేకపోవడం వేరు.

మంచి రోజులు, చెడ్డ రోజులు

మూగజీవి తన బాధను మాటలలో చెప్పజాలదు. పైగా కుక్క తన నొప్పిని దాచుకొంటుంది. అరవడం లేదు కనుక నొప్పి లేదనుకోవడం పొరపాటు. ఎడతెగని వగర్పు, వణుకు, ఒక చోట నిలువలేకపోవడం, చీకటి మూలలు వెదుక్కోవడం, ఒకే చోటును నాకుతుండడం, ముట్టుకొంటే ఉలిక్కిపడడం నొప్పికి గుర్తులు.

ఈ కష్టాన్ని గుర్తించి ఆలిస్ విల్లలోబోస్ అనే అమెరికా పశువైద్యురాలు 2004లో ఒక కొలమానం రూపొందించారు. అందులో ఏడు అంశాలున్నాయి. నొప్పి లేకుండా, ఆయాసం లేకుండా ఉన్నదా? తగినంత తింటున్నదా? నీరు ఒంటబడుతున్నదా? శుభ్రంగా ఉండగలుగుతున్నదా? ఇంటివారిని చూచి సంతోషిస్తున్నదా? లేచి నడవగలుగుతున్నదా? చెడ్డ రోజుల కంటే మంచి రోజులు ఎక్కువగా ఉన్నాయా? ఒక్కొక్క దానికి పదికి ఇన్ని మార్కులని వేయాలి. మొత్తం 70లో 35 దాటితే శుశ్రూష కొనసాగించవచ్చునని ఆమె సూచన. మార్కులు వేయడం విద్యార్థులకు కొత్త కాదు గదా! ఇంట్లో ఇద్దరు ముగ్గురు విడివిడిగా వేసి పోల్చిచూస్తే, మమకారం వల్ల గాని, విసుగు వల్ల గాని కలిగే తేడా బయటపడుతుంది. గోడ మీది క్యాలెండరులో మంచి రోజుకు ఒక గుర్తు, చెడ్డ రోజుకు మరొక గుర్తు పెట్టడం ఇంకా సులభం. నెల తిరిగేసరికి ఆ గుర్తులే సమాధానం చెబుతాయి.

శుశ్రూషలో కొన్ని జాగ్రత్తలు తప్పనిసరి. లేవలేని కుక్కకు మెత్తని పాత బొంత పరచి, కొన్ని గంటలకొకసారి పక్క మార్చాలి. లేకపోతే ఒత్తిడి పుండ్లు పడతాయి. ఈగలు వాలనీయరాదు, మన వాతావరణంలో పుండుకు పురుగు పట్టడానికి ఎంతోసేపు పట్టదు. మనుషులు వాడే నొప్పి మాత్రలు వైద్యుని అడగకుండా ఇవ్వరాదు. ముఖ్యంగా ఐబూప్రొఫెన్ వంటివి కుక్క కడుపులో పుండ్లు పుట్టించి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. మింగలేని కుక్క గొంతులో బలవంతంగా పాలు పోస్తే ఊపిరితిత్తులలోకి పోతాయి. దవడ వేలాడబడి, చొంగ కారుతూ, ప్రవర్తన హఠాత్తుగా మారినట్లయితే అది రేబిస్ కావచ్చును. అప్పుడు నోటిలో చేయి పెట్టక వెంటనే వైద్యుని పిలవాలి.

సబర్మతి లేగదూడ

కారుణ్య మరణం సంగతి వచ్చినప్పుడు మన దేశ చరిత్రలో ఒక ఘట్టం గుర్తు చేసుకోవాలి. 1928లో సబర్మతి ఆశ్రమంలో ఒక లేగదూడ అవిటిదై, లేవలేక, తీవ్రమైన యాతన అనుభవిస్తూ ఉన్నది. చేయగలిగిన చికిత్స చేశారు. ఇక ఆశ లేదని వైద్యుడు చెప్పాడు. గాంధీజీ ఆశ్రమవాసులతో చర్చించారు. ప్రాణం పోయలేనివానికి ప్రాణం తీసే హక్కు లేదని కొందరు వాదించారు. చివరకు ఆయన తన సమక్షంలోనే వైద్యునిచేత సూదిమందు ఇప్పించి ఆ దూడ బాధను అంతం చేయించారు. ఈ సంగతిని ఆయన దాచలేదు. సెప్టెంబరు, అక్టోబరు నెలలలో 'నవజీవన్', 'యంగ్ ఇండియా' పత్రికలలో తానే ప్రకటించారు. దేశమంతటా విమర్శలు చెలరేగాయి. నిందిస్తూ ఎన్నో ఉత్తరాలు వచ్చాయి.

ఆ వ్యాసంలో రెండవ భాగం కూడా ఉన్నదని చాలామందికి తెలియదు. ఆశ్రమంలో పంటలను పాడుచేస్తున్న కోతుల ప్రస్తావన అందులో వస్తుంది. వాటిని చంపితే అది హింసే అవుతుందని గాంధీజీ అంగీకరించారు. దూడ విషయంలో చంపడం దూడ బాధ తీరడానికి. కోతుల విషయంలో చంపడం మన పంట కోసం. చేతి పని ఒక్కటే అయినా ఎవరి కోసం చేస్తున్నామన్న దానిని బట్టి ధర్మం మారిపోతుంది. తరువాత విమర్శకులకు సమాధానమిస్తూ ఆయన కొన్ని షరతులు కూడా చెప్పారు. వ్యాధి తీరనిదై ఉండాలి. చుట్టూ ఉన్నవారందరూ ఆశ వదులుకొని ఉండాలి. ఏ సేవా ఉపశమనం కలిగించలేని స్థితి రావాలి. రోగి తన కోరికను తెలుపుకోలేని స్థితిలో ఉండాలి.

ముసలి కుక్క విషయంలో మనం వేసుకోవలసిన ప్రశ్న ఇదే. ఎవరి బాధ తీర్చడానికి ఈ నిర్ణయం? వాసన భరించలేక, రాత్రిళ్ళు నిద్ర చెడుతున్నదని, ఊరికి వెళ్ళవలసి ఉన్నదని సూది వేయించడం మన బాధ తీర్చుకోవడం. అలాగే, దాన్ని విడిచి ఉండలేమని, చంపించామన్న అపరాధభావం మోయలేమని, ఊపిరాడక కొట్టుకొంటున్న జీవిని ఇంకా నాలుగు రోజులు నిలబెట్టడం కూడా మన బాధ తీర్చుకోవడమే. మొదటిది క్రూరత్వంగా కనిపిస్తుంది, రెండవది ప్రేమగా కనిపిస్తుంది. కాని రెండింటిలోనూ కుక్క సంగతి మరచిపోయి మన సంగతే చూచుకొంటున్నాము.

ధర్మశాస్త్రం, చట్టం

తినడానికి యోగ్యం కాని జంతువు తీరని యాతనలో ఉన్నప్పుడు, దాని బాధ తొలగించడానికి ప్రాణం తీయవచ్చునా అన్న విషయంలో ఇస్లామీయ ధర్మశాస్త్ర పండితుల మధ్య అభిప్రాయభేదాలు ఉన్నాయి. సందేహం గలవారు తాము విశ్వసించే ఆలిమ్‌ను సంప్రదించడం ఉత్తమం. అయితే భేదం లేని విషయం ఒకటున్నది. ప్రాణం తీయక తప్పనప్పుడు కూడా, కత్తిని పదును పెట్టి, జంతువుకు బాధ తగ్గేటట్లు చూడమని ప్రవక్త (స) ఆదేశించినట్లు ముస్లిం హదీసు సంకలనంలో ఉన్నది. మన పోషణలో ఉన్న జీవి మనకు అల్లాహ్ అప్పగించిన అమానత్ వంటిది. అందుచేత మతవిశ్వాసం వల్ల సూదిమందు వద్దనుకొన్నవారి నిర్ణయాన్ని గౌరవించవలసినదే. కాని చంపకపోవడమంటే ఊరకుండడం కాదు. వారు నొప్పి తగ్గించే మందులు ఇప్పించి, నీరు పట్టి, పక్క మార్చి, రాత్రి మేలుకొని ఉండవలసిన బాధ్యతను స్వీకరించినవారు అవుతారు. ఆ పని చేయకుండా "దైవాధీనం" అనడం దైవం మీద మన బద్ధకాన్ని మోపడమే.

చట్టం విషయానికి వస్తే, 1976 నాటి 42వ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన 51-ఏ అధికరణం ప్రాణుల పట్ల కరుణ చూపడాన్ని ప్రతి పౌరుని ప్రాథమిక విధులలో ఒకటిగా పేర్కొన్నది. 1960 నాటి జంతు హింసా నివారణ చట్టంలోని 11వ సెక్షను ప్రకారం తన జంతువుకు తిండి, నీరు, నీడ కల్పించకపోవడం నేరం. ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో దానిని సకారణం లేకుండా వదలివేయడం కూడా నేరమే. అంటే జబ్బు కుక్కను గోనెసంచిలో కట్టి ఊరి పొలిమేరలో వదలిరావడం కేవలం నిర్దయ మాత్రమే కాదు, శిక్షార్హం. గుండెలోకి స్ట్రిక్నిన్ విషం ఎక్కించడం వంటి క్రూర పద్ధతులతో చంపడాన్ని కూడా ఆ సెక్షను నిషేధించింది. వీధికుక్కల విషయంలో 2001 నాటి నియమాలు, వాటి స్థానంలో 2023లో వచ్చిన నియమాలు సైతం తీరని రోగమున్న, ప్రాణాంతకంగా గాయపడిన వాటికే, అర్హుడైన పశువైద్యుని ద్వారానే కారుణ్య మరణం కల్పించాలంటున్నాయి. మొదటిసారి నేరానికి 1960 చట్టం నిర్ణయించిన జరిమానా 10 రూపాయల నుండి 50 రూపాయల వరకే. చట్టం వేసే జరిమానా స్వల్పమైనదే. మనస్సాక్షి వేసే జరిమానా అంత స్వల్పం కాదు.

ఆ చివరి గంట

అన్ని విధాలా ఆలోచించి కారుణ్య మరణమే సరియైనదని నిర్ణయించినప్పుడు, ఏమి జరుగుతుందో ముందుగా తెలిసి ఉండడం మంచిది. సాధారణంగా వైద్యుడు మొదట మత్తు కలిగించే మందు ఇస్తాడు. కుక్క మగతలోకి జారుకొన్న పిదప రక్తనాళం ద్వారా అధిక మోతాదులో మత్తుమందు ఎక్కిస్తాడు. క్షణాలలో స్పృహ పోతుంది. కొద్ది నిమిషాలలో శ్వాస, గుండె ఆగిపోతాయి. కన్నులు తెరచుకొనే ఉండవచ్చు; కండరాలు అదరవచ్చు; మూత్రం పోవచ్చు. అవి బాధకు గుర్తులు కావు, అప్పటికే తెలివి లేదు. వైద్యుడు గుండెను పరీక్షించి ధ్రువపరచిన తరువాతనే దేహాన్ని లోతుగా పూడ్చాలి. దేహంలో మందు నిలిచి ఉంటుంది గనుక ఇతర జంతువులు తవ్వి తినకుండా జాగ్రత్తపడాలి.

ఆ సమయంలో ఇంటివారు ఒకరైనా పక్కన ఉండడం మంచిది. కుక్కకు ఆసుపత్రి కొత్త, వైద్యుడు కొత్త. ఎరిగిన గొంతు, ఎరిగిన చేయి ఒక్కటే దానికి ధైర్యం. పిల్లలకు "ఎక్కడికో పారిపోయింది" అని అబద్ధం చెప్పరాదు. వారు ఏళ్ళ తరబడి వీధి వైపు చూస్తుంటారు. జబ్బు చేసిందని, నయం కాలేదని, నొప్పి లేకుండా సాగనంపామని వారికి అర్థమయ్యే మాటలలో చెప్పడమే ఉచితం. కంటతడి పెడితే ఎగతాళి చేయరాదు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక చిన్న విన్నపం. మన జాతీయ సేవా పథకం విభాగం ఏడాదికొకసారి సమీప పశువైద్యాధికారిని ఆహ్వానించి, పెంపుడు జంతువుల వార్ధక్యం, రేబిస్ నివారణ గురించి విద్యార్థులకు ప్రసంగం ఏర్పాటు చేస్తే ఎంతో మేలు జరుగుతుంది. ఖర్చు స్వల్పం, ప్రయోజనం అధికం.

భాషలోని తిట్లను ఎవరూ చట్టం చేసి మార్చలేరు. అవి మన నడవడి నుండి పుట్టినవి. నడవడి మారితే వాటి అర్థం కూడా మారుతుంది. వ్యాధికి పేరు తెలిసి, చేయగలిగిన వైద్యం జరిగి, పెంచిన చేయి తల మీద ఉండగా ఒక ముసలి కుక్క కన్నుమూసినట్లయితే, ఆ ఇంటి పిల్లలు "కుక్క చావు" అన్న మాటను ఇక తిట్టుగా వాడలేరు. అటువంటి ఇళ్ళు నాలుగు వీధికి ఒకటైనా ఉండేటట్లు చూడడం చదువుకొన్న మన వంతు.